డిస్కు నిండినప్పుడు: కాంపాక్ట్ ఆదేశంతో ఫైళ్ల కుదింపు

కంప్యూటరులో చోటు చాలడం లేదన్న హెచ్చరిక కనబడగానే మనం సాధారణంగా చేసే పని, ఏదో ఒకటి చెరపడం. ఏది చెరపాలి అన్న ప్రశ్నకు తొందరలో దొరికే సమాధానం ‘ఎవరూ తెరవనిది’ అనే. మన ప్రాంతంలో ఎవరూ తరచుగా తెరవని ఫైళ్లలో తెలుగు కాగితాలు ముందుంటాయి. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ తీర్పును అనుసరించి, తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అంతకు పూర్వపు దస్తావేజులు, అంటే ఇక్కడ మనం పత్రాలనేవి, తెలుగులో ఉన్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వాటి నకళ్లను ఓపికగా టైపు చేయించి దాచుకొన్నవారూ ఉన్నారు. పిల్లలు తమిళ మాధ్యమంలోనో ఆంగ్ల మాధ్యమంలోనో చదువుకొన్నారు. ఆ ఫోల్డరుతో వారికి పని పడేది ఏ ఐదేళ్లకో ఒకసారి.

అనువాద వృత్తిలో చేరిన తొలి సంవత్సరంలో ఒక చిన్న కార్యాలయంలో ఈ సంగతి కళ్లారా చూశాను. డిస్కు నిండింది; సాయంత్రంలోగా ఒక జాబితా ముద్రించాలి. ‘తెలుగు పాతవి’ అని పేరున్న ఫోల్డరును ఒకరు చెరిపారు, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేశారు. పన్నెండేళ్లుగా ఎవరెవరో కూర్చిన పదపట్టికలు, ప్రకటనల అనువాదాలు అందులో ఉండేవి. అన్నీ కేవలం అక్షరాలే, బొమ్మలు లేవు. వాటిని చెరపడం వలన మిగిలిన చోటు ఒక పెండ్లి వీడియోలో పదో వంతు కూడా కాదు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఎవరికైనా కాంపాక్ట్ అనే ఒక్క ఆదేశం తెలిసి ఉంటే, డిస్కులోని ఇతర ఫైళ్లను కుదించి, జాబితా ముద్రణకు కావలసిన చోటును అక్కడే సంపాదించి ఉండవచ్చును. ఈ పాఠం ఆ ఆదేశాన్ని గురించినది.

ముందుగా మాటను గురించి ఒక మాట. తమిళంలో ఈ ప్రక్రియకు ‘సురుక్కుదల్’ అనే పదం వాడుకలో ఉన్నది. దానిని తెలుగులో ‘సంక్షేపం’ అనడానికి నా చేయి ముందుకు పోయింది గాని ఆపుకొన్నాను. సంక్షేపించిన భారతంలో కొన్ని ఉపాఖ్యానాలు ఉండవు; సంక్షేపమంటేనే కొంత వదలివేయడం. ఇక్కడ ఒక్క అక్షరం కూడా వదలరు. ‘సంపీడనం’ అన్న శాస్త్రపదం తప్పు కాదు, కాని వినగానే సైకిలు పంపు గుర్తుకు వస్తుంది. కాబట్టి ‘కుదింపు’ అంటున్నాను. దుప్పటిని మడత పెట్టినట్లు: విప్పితే దుప్పటి దుప్పటిగానే ఉంటుంది.

ఒక్క అక్షరమూ వదలకుండా చోటు ఎట్లా తగ్గుతుంది? మన పాత పత్రాలు చదివినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. పత్రం మొదటి పేరాలో లేఖరి గ్రామం పేరు, ఫిర్కా, తాలూకా, సర్వే నంబరు, నాలుగు హద్దులు వివరంగా వ్రాస్తాడు. రెండవసారి ఆ భూమి ప్రస్తావన వచ్చినప్పుడు అదంతా మళ్లీ వ్రాయడు. ‘సదరు భూమి’ అంటాడు. ‘సదరు’ అన్న మూడక్షరాలు పై నాలుగు పంక్తులకు బదులుగా నిలుస్తాయి. చదివేవాడు పైకి చూసి అర్థం చేసుకొంటాడు. పత్రంలో ఏదీ లోపించదు. హైఫాలోని టెక్నియన్ ఆచార్యులు అబ్రహాం లెంపెల్, జాకబ్ జీవ్ 1977లో ప్రకటించిన పద్ధతి సారాంశం ఇదే. ఒకసారి వచ్చిన బైట్ల వరుస మళ్లీ వస్తే దానిని తిరిగి వ్రాయరు. ‘ఇన్ని బైట్లు వెనుకకు పోయి, అక్కడి నుండి ఇన్ని బైట్లు తీసుకో’ అనే చిన్న సూచికను మాత్రమే వ్రాస్తారు. ఆ వంశంలోని ఒక పద్ధతినే విండోస్ తన ఎన్‌టీఎఫ్ఎస్ అనే డిస్కు ఏర్పాటులో, 1995లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.51 నుండి వాడుతున్నది.

‘సదరు’కు ఒక బలహీనత ఉన్నది. మొదటి పుట చిరిగిపోతే తరువాతి పుటలలోని సదరులన్నీ అనాథలవుతాయి. ఎన్‌టీఎఫ్ఎస్ దీనికి కొంత విరుగుడు ఆలోచించింది. ఫైలును మొత్తంగా కుదించకుండా, సాధారణంగా 64 కిలోబైట్ల ఖండాలుగా విడదీసి ఒక్కొక్క ఖండాన్ని వేరుగా కుదిస్తుంది. ఒక ఖండంలోని సూచికలు మరొక ఖండంలోకి పోవు. అందువలన పెద్ద ఫైలు నడుమ నుండి ఒక్క పుట చదవడానికి మొత్తం విప్పనవసరం లేదు. జిప్ చేసిన ఫైలు సాధారణంగా దీని కంటె చిన్నదిగా వస్తుంది. దూరపు పునరావృత్తులను కూడా అది పట్టుకొంటుంది. అయితే జిప్‌ను ప్రతిసారి విప్పుకోవాలి. కాంపాక్ట్ కుదించిన ఫైలు ఉన్నచోటనే ఉంటుంది, అదే పేరుతో ఉంటుంది, రెండుసార్లు నొక్కితే ఎప్పటివలెనే తెరుచుకొంటుంది. విప్పడం, మళ్లీ మడవడం విండోస్ మన కంటికి తెలియకుండా చేస్తుంది.

తెలుగు వ్రాతకు ఈ కుదింపు ఎంత అనువైనదో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ‘తిరుత్తణి’ అన్న మాటను ఆంగ్లలిపిలో వ్రాస్తే తొమ్మిది అక్షరాలు, తొమ్మిది బైట్లు. తెలుగులో యూనికోడ్ లెక్కన చూస్తే త, గుడి, ర, కొమ్ము, త, పొల్లు, త, ణ, గుడి: ఇవీ తొమ్మిది సంకేతాలే. కాని యూటీఎఫ్-8 విధానంలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. మొత్తం ఇరవై ఏడు. ఒకే మాటకు మూడింతల చోటు. అన్యాయమే అనిపిస్తుంది. ఇప్పుడు లోపలికి చూడండి. ఆ మూడేసి బైట్లలో మొదటి రెండు బైట్లకు తెలుగు లిపి మొత్తంలో ఉన్నవి రెండే జతలు. తిరుత్తణిలో ఏడు సంకేతాలకు ఒక జత, కొమ్ముకు పొల్లుకు మరొక జత. ఇరవై ఏడింటిలో పద్దెనిమిది బైట్లు ఈ రెండు జతల పునరుక్తే. అదీగాక విండోస్ కుదింపు మూడు బైట్ల కంటె చిన్న పునరావృత్తికి సూచిక వేయదు. ఆంగ్లంలో ఒంటి అక్షరం మళ్లీ వస్తే ఆ హద్దు అందదు. తెలుగులో ఒక్క ‘త’ మళ్లీ వచ్చిందంటేనే మూడు బైట్ల వరుస మళ్లీ వచ్చినట్లు. తెలుగు అదనంగా ఆక్రమించిన చోటులో చాలా భాగాన్ని కుదింపు తిరిగి ఇచ్చేస్తుంది. తమిళానికీ ఈ లెక్కే వర్తిస్తుంది.

ఇక ఆచరణకు వద్దాము. ఈ విభాగమంతా తెలుగు లిపిలో ముద్రింపబడుతున్నందున ఆదేశాలను కూడా తెలుగులోనే ఇస్తున్నాను. కీబోర్డుపై మాత్రం ఆంగ్లాక్షరాలు నొక్కాలి. కాంపాక్ట్ అనగా సి, ఓ, ఎమ్, పి, ఏ, సి, టి అనే ఏడు అక్షరాలు. / అనేది ముందుకు వాలిన గీత. దాని తరువాత ‘సి’ అని ఉంటే ఆంగ్లపు సి అక్షరం, ‘ఎస్’ అని ఉంటే ఎస్ అక్షరం. చిన్న అక్షరమైనా పెద్ద అక్షరమైనా భేదం లేదు. గీతకు ముందు ఒక ఖాళీ ఉండాలి.

మీకు కావలసిన ఫోల్డరును మామూలుగా తెరవండి. కిటికీ పైభాగాన ఫోల్డరు చిరునామా కనబడే పెట్టెలో నొక్కి, సి-ఎమ్-డి అని మూడు అక్షరాలు టైపు చేసి ఎంటర్ నొక్కండి. నల్లని కమాండ్ ప్రాంప్ట్ ఆ ఫోల్డరులోనే తెరుచుకొంటుంది. చాలా పాఠాలలో చెప్పినట్లు దారినంతా టైపు చేసే శ్రమ దీనితో తప్పుతుంది. తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్లకు ఇది మరింత అవసరం. ఆ నల్ల తెరపై తెలుగు అక్షరాలు తరచుగా డబ్బాలుగా కనబడతాయి. భయపడకండి, అది తెర లోపం, ఫైలు లోపం కాదు.

మొదట ఏమీ మార్చకుండా స్థితి మాత్రమే చూడండి. ‘కాంపాక్ట్’ అని టైపు చేసి ఎంటర్ నొక్కితే ఆ ఫోల్డరులోని ఫైళ్ల పట్టిక వస్తుంది. ప్రతి పంక్తిలో ఫైలు అసలు పరిమాణం, రెండు చుక్కలు, డిస్కుపై దానికి పట్టిన చోటు, సమాన చిహ్నం, నిష్పత్తి వరుసగా ఉంటాయి. కుదించిన ఫైలు పేరుకు ముందు సి అక్షరం ఉంటుంది. చివర మొత్తం లెక్క: ఎన్ని ఫైళ్లు కుదించి ఉన్నాయి, ఎన్ని లేవు, మొత్తం నిష్పత్తి ఎంత. ఉదాహరణకు 8,00,000 బైట్ల సమాచారం 3,20,000 బైట్లలో ఇమిడి ఉంటే నిష్పత్తి 2.5కు 1 అని చూపుతుంది. 1.0 అని ఉంటే ఏమీ మిగలలేదన్నమాట.

కుదించడానికి: కాంపాక్ట్ /సి /ఎస్. ఇందులో సి కుదించమని, ఎస్ లోపలి ఫోల్డర్లలోకి కూడా వెళ్లమని. ఈ ఆదేశం రెండు పనులు చేస్తుంది. ఉన్న ఫైళ్లను కుదిస్తుంది. ఇకపై ఆ ఫోల్డరులో చేరే కొత్త ఫైళ్లు కూడా కుదింపబడేలా ఫోల్డరుపై గుర్తు వేస్తుంది. రెండవది చాలామందికి తెలియదు. ఫోల్డరుపై గుర్తు అక్కరలేదు, అక్షరాల ఫైళ్లు మాత్రం చాలు అనుకొంటే చివర ఫైలు రకాన్ని చేర్చవచ్చు: కాంపాక్ట్ /సి /ఎస్ *.టిఎక్స్‌టి. నక్షత్రం ఏ పేరైనా సరే అని, చుక్క తరువాతి మూడు అక్షరాలు ఆ రకం ఫైళ్లే అని సూచిస్తాయి.

మధ్యలో ఏదైనా ఫైలు మరొక చోట తెరిచి ఉంటే ఆదేశం అక్కడ ఆగిపోతుంది. /ఐ చేర్చితే దానిని వదలి ముందుకు పోతుంది. కరెంటు పోవడం వంటి కారణంతో పని సగంలో నిలిచిపోతే /ఎఫ్ చేర్చి మళ్లీ నడపండి. సగం కుదిరిన ఫైలును అది పూర్తిగా కుదిస్తుంది. మన ఊళ్లలో ఈ ఎఫ్ అక్షరాన్ని గుర్తుంచుకోవడం మంచిదే. పని ముగిసిన తరువాత కొత్త విండోస్‌లో ఫైలు బొమ్మ మూలన రెండు చిన్న నీలి బాణాలు, విండోస్ 7లో ఫైలు పేరు నీలి రంగులో కనబడవచ్చు. ఇది వైరస్ కాదు.

ఏవి కుదించాలి, ఏవి వద్దు అన్నదే అసలు వివేకం. సాదా అక్షరాల ఫైళ్లు, సీఎస్‌వీ పట్టికలు, ఆర్‌టీఎఫ్, పాత వర్డ్ డీఓసీ ఫైళ్లు, బీఎంపీ బొమ్మలు బాగా కుదురుతాయి. చివర ఎక్స్ అక్షరం గల కొత్త వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు లోపల జిప్ మూటలే. వాటిని మళ్లీ కుదించడం మడిచిన దుప్పటిని మళ్లీ మడవడం. జేపీజీ ఫోటోలు, ఎంపీ4 వీడియోలు, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలు అంతే. పట్టా, విల్లంగ సర్టిఫికెట్టు వంటివి స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కూడా చాలావరకు ఆ కోవలోనివే. డిస్కును నిజంగా నింపేవి ఇవి కాబట్టి, చోటు కోసం వెదికేవారు వీటిలో రెండేసి మూడేసి ప్రతులున్నవాటిని ఏరివేయడమే సరైన దారి. మరీ చిన్న ఫైళ్లతోనూ లాభం లేదు: డిస్కు సాధారణంగా 4 కిలోబైట్ల గళ్లలో చోటు ఇస్తుంది, ఒక గడి అయినా మిగిలితేనే కుదింపుకు అర్థం.

లెక్కల సాఫ్ట్‌వేర్ వాడే డేటాబేస్ ఫైళ్లను తాకవద్దు. నిమిషానికి పదిసార్లు మారే ఫైలును ప్రతిసారి విప్పి మడవడం వలన యంత్రం నెమ్మదిస్తుంది, ఫైలు డిస్కుపై ముక్కలు ముక్కలుగా చెదిరిపోతుంది. అట్లాగే ఎన్‌టీఎఫ్ఎస్ కుదింపు, విండోస్ ఇచ్చే ఫైలు గుప్తీకరణ రెండూ ఒకే ఫైలుపై కుదరవు. ఒకటి పెడితే మరొకటి తొలగిపోతుంది.

మొత్తం డ్రైవును కుదించవచ్చునా అని అడిగేవారు ఉన్నారు. పెద్దలలో కొందరికి డ్రైవు కుదింపు అంటే జంకు. 1993లో ఎంఎస్-డాస్ 6తో వచ్చిన డబుల్‌స్పేస్ డ్రైవు మొత్తాన్ని ఒకే పెద్ద ఫైలుగా మార్చేది. అది చెడితే అన్నీ చెడేవి. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఆ ప్రమాదం లేదు, ప్రతి ఫైలు దేనికదే. డి డ్రైవులో కాగితాలు మాత్రమే ఉంటే ఆ డ్రైవు మొదటి అంచెలో ప్రాంప్ట్ తెరిచి కాంపాక్ట్ /సి /ఐ /ఎస్:\ అని నడపవచ్చు. చివరిది వెనుకకు వాలిన గీత. డ్రైవు మొదలు నుండి అని అర్థం. ఫైళ్లు ఎక్కువైతే గంటలు పట్టవచ్చు, రాత్రి వేళ వదలివేయండి. విండోస్ ఉన్న సి డ్రైవుపై మాత్రం దీనిని నడపకూడదు. దానికి విండోస్ 10 నుండి వేరే ఏర్పాటున్నది. నిర్వాహకుని హోదాలో ప్రాంప్ట్ తెరిచి కాంపాక్ట్ /కాంపాక్ట్‌ఓఎస్:క్వెరీ అంటే ప్రస్తుత స్థితి చెబుతుంది. క్వెరీ స్థానంలో ఆల్వేస్ అంటే విండోస్ తన సొంత ఫైళ్లను తానే కుదించుకొంటుంది, నెవర్ అంటే విప్పుకొంటుంది. అదే కాలంలో వచ్చిన /ఈఎక్స్ఈ అనే మరొక ఎంపిక ఎక్కువగా కుదిస్తుంది గాని, ఆ ఫైలులో ఒక్క అక్షరం మార్చినా మొత్తం తిరిగి విచ్చుకొంటుంది. ఎన్నడూ మారని ప్రోగ్రాములకే అది తగినది.

ఈ పాఠం ఎక్కువగా ఉపయోగపడేది పాత యంత్రాలున్నవారికి. రాష్ట్ర ప్రభుత్వపు ఉచిత ల్యాప్‌టాప్ పథకం 2011 సెప్టెంబరు 15న మన తిరువళ్ళూరు పక్కనే ఉన్న కాక్కలూరులో మొదలైంది. ఆ తొలి సంవత్సరాల యంత్రాలు కొన్ని ఇళ్లలో ఇంకా పనిచేస్తున్నాయి. అక్క చదివి వదిలిన దానిపై తమ్ముడు, ఇప్పుడు అమ్మ కుట్టు లెక్కలు. విండోస్ 7 ఉన్న యంత్రంలో పైన చెప్పిన సి, ఎస్, ఐ, ఎఫ్ అక్షరాలన్నీ పనిచేస్తాయి. కాంపాక్ట్‌ఓఎస్, ఈఎక్స్ఈ మాత్రం ఉండవు.

అందరూ తప్పటడుగు వేసే చోటు పెన్‌డ్రైవు. దుకాణంలో కొన్న పెన్‌డ్రైవు సాధారణంగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ ఏర్పాటుతో వస్తుంది. వాటిలో ఈ కుదింపు లేదు. డిస్కుపై 4 జీబీలో ఇమిడిన 10 జీబీ ఫోల్డరును 8 జీబీ పెన్‌డ్రైవులోకి నకలు చేయబోతే చోటు చాలదంటుంది. అడ్డు దాటగానే ఫైలు తన పూర్తి పరిమాణం పొందుతుంది. డ్రైవు ఏ రకానిదో దానిపై కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో చూడవచ్చు. ఒకే డ్రైవులోనూ ఒక భేదం ఉన్నది. ప్రాంప్ట్ నుండి ఫైలును ఒక ఫోల్డరు నుండి మరొక ఫోల్డరుకు తరలిస్తే దాని కుదింపు స్థితి వెంట వస్తుంది. నకలు తీస్తే చేరిన ఫోల్డరు గుర్తును బట్టి మారుతుంది. పెన్‌డ్రైవుకు, ఈమెయిలుకు తగినది జిప్ మూటే. విండోస్ 10 కొత్త విడతలలో టార్ -ఏ -సి -ఎఫ్ అని, ఆపైన మూట పేరు జెడ్ఐపి చివరతో, తరువాత ఫోల్డరు పేరు వ్రాస్తే అది సిద్ధమవుతుంది.

ముఖ్యమైన పత్రాల ఫోల్డరును కుదించే ముందు మరొక డిస్కులో ఒక నకలు ఉంచుకోండి. కుదింపు వలన కాదు, డిస్కు వయసు వలన. తిరిగి విప్పడానికి కాంపాక్ట్ /యు /ఎస్. విప్పిన ఫైళ్లు పాత పరిమాణానికి పెరుగుతాయి కనుక, ఎంత చోటు కావాలో ముందుగా కాంపాక్ట్ /ఎస్ అని నడిపి చివరి లెక్కలో చూసుకోండి. డ్రైవులో అంత ఖాళీ లేకపోతే ఒక్కొక్క ఉపఫోల్డరునే తెరిచి విడివిడిగా విప్పండి.